డబ్బాల మిగిలిన అక్షరాలు

క్లాక్ టవర్ కాడికెల్లి నాలుగో దుకాణం నాది.
అక్షరానికి ఎనభై. అడుగు ఎత్తు దాటితే నూటిరవై.
స్టీలుదైతే వేరే లెక్క.
ఇంగ్లీషు నాకు చదవనీకె రాదు, కోయనీకె వస్తది.
ఏ అక్షరానికి ఎన్ని మూలలో,
ఎస్ కాడ రంపం ఎక్కడ ఒళ్లు విరుచుకుంటదో
నా చేతుల్ని అడుగు, చెప్తయి.

మూతబడ్డ దుకాణాల బోర్డులు ఇప్పితే
అక్షరాలు నా బిస్కెట్ల రేకుడబ్బాలకే తిరిగొస్తయి.
పనికొచ్చేటివి మళ్ల ఏదో గోడకెక్కుతయి,
ఏ, ఎస్ ఒక్కరోజు నిలవయి.
అడుగున పడి ఉండేటివే ఉంటయి:
జిరాక్స్ సెంటర్ ఎత్తేసిన్నాడు వచ్చిన రెండు ఎక్సులు,
ఎవ్వరడగని క్యూ,
రెస్టారెంట్ బోర్డుల ఏ ఉండాల్సినకాడ
నేను కోసిచ్చి తిట్లు తిన్న ఈ.
ఆ ఈని మాత్రం ఇంకెవ్వరికీ అమ్మలే.

పక్క మొబైల్ దుకాణంల పనిచేసే ముబీన
గిరాకి లేని పొద్దుమీకి వచ్చి కూసుంటది.
కండ్లు మూసుకొని డబ్బాల చెయ్యి పెడ్తది,
మూడక్షరాలు తీస్తది.
అట్ట లేని డిక్షనరీ ఒళ్లె పెట్టుకొని
ఆ మూడూ ఉన్న మాటల్ల అన్నిటికన్న పొడుగుదాన్ని ఎతుకుతది,
బాకీ ఎగ్గొట్టినోన్ని ఎతికినట్టు, ఇల్లిల్లు.

ఎక్స్, క్యూ, యు వచ్చిన్నాడు
ఎక్స్‌క్విజిట్ దొరికింది.
అంటే ఏందంటే, మస్తు ముద్దుగ ఉండుడట.
తొమ్మిదక్షరాలు, ఏడువందల ఇరవై, అన్న.
"చాచా, నీకు అన్ని మాటలూ బిల్లే!"
కాదా మరి?
ఈ ఊర్లె పొడుగు మాట పెట్టించుకునేటోడు ఎవడు?
పాన్ షాపోడు షాపు తీసెయ్, పాన్ చాలన్నడు.
అండ్ సన్స్ అని పెట్టించినాయన
కొడుకులు కొట్లాడుకున్నంక నాలుగక్షరాలు వాపసు తెచ్చిండు.
నడుమ మెలిక గుర్తు ఇంక గోడకే ఉన్నది.

మొన్న బి, డబ్ల్యూ, కె వచ్చినయి.
పేజీలు తిప్పుతనే ఉన్నది పిల్ల.
చాయ్ చల్లారి మీగడ కట్టింది.
"దొరికింది చాచా, పన్నెండు!"
బ్యాక్‌వర్డ్‌నెస్.

రంపం ఆపిన.
ఆ మాట నాకు చెప్పనక్కర్లే బిడ్డా.
సగం నా కులం కాయితం మీదున్నది.
మొత్తం మాట మీటింగుల గుడ్డల మీద నేనే రాసిన,
పసుపు గుడ్డ, ఎర్ర ఇనామెల్,
పాలమూరు పేరు పక్కన ఎప్పుడూ అదే.
రాసీ రాసీ
బి కడుపు గీయనీకె కండ్లతోటి పని లేకుండె.

ఇంకోటి చూడు, అన్న.
"ఇదే పొడుగుది చాచా."
పొట్టిదైన మంచిదే, చూడు.

వేలు పెట్టి చదివింది.
బ్రిక్‌వర్క్. ఇటుకపని.
మా అన్న తిమ్మన్న పుణె కాడ పదకొండేండ్లు మోసింది అదే.
ఎవల గోడలో ఆయనకే యాది లేదు.
ఇంటికొచ్చినంక గూడ
తల మీది చుట్టగుడ్డ తీయనియ్యకపోతుండె.

వేలు ఇంకింత కిందికి జరిగింది.
బ్రష్‌వర్క్.
అవే మూడు. ఇది గూడ తొమ్మిదే.
అర్థం నేను అడగలే, ఆమె చెప్పలే.
ఫ్లెక్సు వచ్చిన ఏడాది
ఉడుత వెంట్రుకల బ్రష్షులు సంచిల చుట్టి అటకెక్కిచ్చిన.
పురుగు తిన్నదో, ఉన్నయో.

ముబీన నోటుబుక్కుల పన్నెండక్షరాలదే రాసుకున్నది.
ఆట ఆటే, రూలు రూలే.
అది పోయినంక షట్టర్ సగం దించి
డబ్బా నేల మీద బోర్లిచ్చిన.
బి ఉన్నది. యు ఉన్నది. హెచ్ కాలు ఇరిగింది గాని అతుకుతది.
ఆర్ రెండు గావాలె, ఒక్కటే ఉన్నది.
తెల్లషీటు ముక్క మీద రెండో ఆర్ గీసి
సగం దాంక కోసిన్నో లేదో
కరెంటు పోయింది.

రేపు చూడాలె.
గిరాకి లేకుంటే.